మగ్గం గుంతకు వచ్చిన సామి

ఆమె పోయిందన్న కబురు వచ్చినప్పుడు నా నోట్లో దారం ఉంది. తెగిన పోగు ఒక కొసను పళ్ళ మధ్య పట్టుకుని, రెండో కొసను వేళ్ళతో వెతుకుతున్నాను. నూలు తెచ్చే అతను గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పి, నేను ఏమంటానా అని చూశాడు. పోయినవాళ్ళ గురించి ఒక మంచి మాట అనాలి కదా. నోట్లో దారం ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

కృతజ్ఞత చెప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మాది రాజోలి. నేను బడికి వెళ్ళలేదు. మా నాన్న మగ్గం మీద నేస్తూనే, పక్క గోడ మీద సుద్దముక్కతో అక్షరాలు రాయించి నాకు చదువు చెప్పాడు. రోజూ మగ్గం గుంతలోకి దిగే ముందు దాని అంచును తాకి కళ్ళకద్దుకోవాలనీ, మనకు మేలు చేసినవాళ్ళను ఒక్కొక్కరినే తలచుకోవాలనీ ఆయనే నేర్పాడు. ఇప్పటికీ తలచుకుంటాను. ఆ వరసలో ఆమె దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా నాలుక తడబడుతుంది.

మేలు చేసిన మాట నిజం. నేనూ మా ఆయనా గద్వాలకు వచ్చి ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు, మగ్గం అనగానే తలుపులు మూసుకునేవి. గుంతమగ్గానికి నేలలో గొయ్యి తవ్వాలి. నేసేవాళ్ళు అందులోకి కాళ్ళు దించి కూర్చోవాలి. అద్దెకున్న ఇంట్లో నేల తవ్వుకోమనేది ఎవరు? ఆమె అంది. వాకిలికి వెనక వైపున్న మట్టినేల గది చూపించి, "తవ్వుకో. పొయ్యేటప్పుడు పూడ్చి పో," అని వెళ్ళిపోయింది. నా పేరు అడగలేదు. ఆ రోజు నుంచి నేను ఆమెకు మగ్గంపిల్లను, ఆమె నాకు పెద్దమ్మ.

కొత్తకోటలో హైవే పక్కన పుట్టి పెరిగిన మనిషి. లారీల చప్పుడు మీదుగా మాట్లాడటం అలవాటై, ఎదురుగా కూర్చున్నవాళ్ళతో కూడా రోడ్డు అవతలి వాళ్ళను కేకేసినట్టు మాట్లాడేది. పొడుగ్గా, బిగుసుకుపోయిన భుజాలతో ఉండేది. నవ్వగా నేను చూడలేదు. దిక్కుల పట్టింపు మాత్రం విపరీతం. గుమ్మం ముందు చెప్పుల ముక్కులు వీధి వైపు ఉంటే కాలి బొటనవేలితో లోపలికి తిప్పేది. చేట బయటికి చూస్తూ ఉంటే తిప్పేది. గడప మీద ఎవరైనా వీధి వైపు తిరిగి కూర్చుంటే భుజం మీద రెండు వేళ్ళు ఆనించి, మారు మాట లేకుండా లోపలికి తిప్పేది. "మొకం ఇంట్లకు పెట్టు" అన్నది రోజుకు పదిసార్లు వినపడే మాట. ఇంట్లో ఉన్నది ఏదైనా సరే, బయటికి చూసిందంటే పోతుందని ఆమె నమ్మకం.

అన్నిటికంటే ఎక్కువగా ఆమె తిప్పింది తాబేలును.

ఆమె కొడుకు ఎప్పుడో హైదరాబాదు నుంచి ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చిన తాబేలు అది. అప్పుడు రూపాయి బిళ్ళంత ఉండేదట. నేను చూసేనాటికి అన్నం తినే కంచమంత అయింది. వాకిట్లో సిమెంటు తొట్టి, అందులో నీళ్ళు, ఎండకు కూర్చోవడానికి రెండు ఇటుకలు. దానికి కళ్ళ వెనక ఎర్రటి గీత ఉంటుంది. ఆ గీతను చూసి ఆమె, "నామం పెట్టుకొని పుట్టిండు," అనేది. అది వచ్చిన ఏడే ఎండిన బోరులో నీళ్ళు పడ్డాయి, కొడుక్కు ఉద్యోగం వచ్చింది. ఇక అది తాబేలు కాదు, కూర్మావతారం. సామి అని తప్ప పిలిచేది కాదు, ఆయన అని తప్ప మాట్లాడేది కాదు. పొద్దున్నే తలస్నానం చేసి తొట్టి నీళ్ళు మార్చి, డిప్ప మీద కుంకుమ బొట్టు పెట్టి, తోటకూర ఆకులు వేసి, "సామి తిన్నడు," అని వాకిలంతా వినబడేలా చెప్పేది. అది తినకపోతే ఆ పూట కోడలికి తిట్లు.

నేను కూడా రోజూ దానికి దండం పెట్టుకునేదాన్ని. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

ఒక ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో సామి తొట్టి దాటడం మొదలుపెట్టాడు. ఇటుకల మీదికెక్కి, అంచు పట్టుకుని, డిప్ప బండ మీద ఠప్పుమని పడేలా బయటికి దూకేవాడు. వాకిలంతా షాబాద్ బండలు పరిచి ఉండేది. నాలుగడుగులు వేయడం, ఆగడం, మూతి నేలకు ఆనించడం, మళ్ళీ నాలుగడుగులు. "భూదేవికి మొక్కుతుండు," అని ఆమె చేతులు జోడించింది. నేనూ జోడించాను. అలా మొక్కుకుంటూ మొక్కుకుంటూ వాకిలంతా దాటి, తిన్నగా మా గదిలోకి వచ్చి, మగ్గం గుంత పక్కన ఆగాడు. ఆమె వచ్చి డిప్ప మీద రెండు వేళ్ళు ఆనించి ముఖం తన ఇంటి వైపు తిప్పి, ఎత్తుకుపోయింది.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. తొట్టి మీద ఇనుప జాలి పెట్టి, జాలి మీద పొత్రం పెట్టింది. మూలన ఉన్న సందులోంచి వచ్చాడు. ఐదో రోజు ఆమె తాబేలును ఎత్తుకోలేదు. మగ్గం మీద కూర్చున్న నా ముందు నిలబడింది.

"ఏమే మగ్గంపిల్లా, ఏం పెడ్తున్నవ్ సామికి?"

"ఏం పెడ్తలేను పెద్దమ్మా. ఆయనే వస్తున్నడు."

"ఆయనెందుకొస్తడు? గింత ఇల్లు ఇడిచిపెట్టి నీ మట్టిగడ్డలకా? నాకు తెల్వదనుకుంటున్నవా? నా ఇంట్ల ఉన్నదాన్ని నీ దిక్కు గుంజుకుంటున్నవ్."

నాలో ఒక దొంగబుద్ధి ఉంది, అది ఇక్కడ ఒప్పుకోవాలి. లోలోపల నేను పొంగిపోతున్నాను. అంత పూజ చేసే ఆమెను వదిలి నా దగ్గరికే వస్తున్నాడంటే, గుంత అంచును కళ్ళకద్దుకున్న నా చేతుల పుణ్యమే అనుకున్నాను. ఆ ఇంట్లో మట్టి కనిపించే చోటు నా మగ్గం గది ఒక్కటేనన్న సంగతి, రోజూ ఆ మట్టిలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే నాకు తోచలేదు.

ఒక శుక్రవారం పొద్దున గుంతలోకి దిగబోతూ అంచును తాకితే చేతికి తడి తగిలింది. మూలన మట్టి కొత్తగా మెత్తి ఉంది. ఎలుకలేమో అనుకుని మా ఆయన చేత్తో తవ్వాడు. జానెడు లోతులో తెల్లటి గుడ్లు బయటపడ్డాయి. కోడిగుడ్ల కంటే చిన్నవి, కోలగా ఉన్నవి. తొమ్మిది.

పాతిపెట్టిన గుడ్లు ఇంట్లో దొరికితే మావైపు ఎవరికైనా ఒకటే గుర్తుకొస్తుంది. ఎవరో ఏదో చేశారు. దేవుడి మీద అంత నమ్మకం ఉన్నదాన్ని, ఆ క్షణాన నాకు దేవుడు గుర్తు రాలేదు. పెద్దమ్మే గుర్తొచ్చింది. సామి నా దగ్గరికి వస్తున్నాడని కడుపుమంటతో చేయించిందనుకున్నాను. మా ఆయన గుడ్లు దోసిట్లో పట్టుకుని ఉండగానే ఆమె తాబేలును వెతుక్కుంటూ లోపలికి వచ్చింది. గుడ్లను చూసింది. మమ్మల్ని చూసింది. ఆమెకు గుర్తొచ్చింది నేనే.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆ మనిషి మెల్లగా మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి.

"గుడ్లు పాతిపెడ్తావే నా ఇంట్ల? గుంత అడిగింది దీనికేనా?"

ప్రమాణం చేస్తానన్నాను. అలంపూర్ అమ్మవారి మీద ఒట్టు పెట్టబోతే, ఆ పేరు నా నోట్లోంచి రావద్దంది. గుడ్లు మా ఆయనతోనే మోయించి, ఊరి బయట కాలువలో పారవేయించింది. మర్నాడు పొద్దున్నే మేస్త్రీని పిలిచింది. సిమెంటు సంచులు, కంకర వాకిట్లో దిగాయి. ఆ గదిలో గుంత ఉండడానికి వీల్లేదు. మధ్యాహ్నంలోగా మగ్గం ఎత్తేయాలి.

మగ్గం మీద అప్పటికి రెండు మూరలు నేసిన చీర ఉంది. మిగతా పడుగంతా, అంటే నిలువు పోగులన్నీ, బిగించి ఉన్నాయి. చిక్కు పడకుండా విప్పి చుట్టుకోవాలంటే రెండు రోజులు పడుతుంది. రెండు రోజులు ఆగమని ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆమె నా భుజం మీద రెండు వేళ్ళు ఆనించి, నన్ను వీధి వైపు తిప్పింది. ఎవరినైనా దేనినైనా ఆమె బయటికి తిప్పగా చూసింది అదొక్కసారే.

పడుగు మీద కత్తి పెట్టింది మా ఆయన. నేను చూడలేదు, విన్నాను. బిగించిన పోగులు తెగినప్పుడు చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు వస్తుంది. నేసిన రెండు మూరల ముక్క మడిచి పెట్టెలో పెట్టుకున్నాను. మిగతా పడుగు చిక్కుబడి పాడైపోయింది. మేము గది ఖాళీ చేస్తుండగానే మేస్త్రీ గుంతలో కంకర పోశాడు.

రెండు వీధుల అవతల రేకుల ఇల్లు దొరికింది. అక్కడ మళ్ళీ గుంత తవ్వుకున్నాం. మేము చేతబడి చేసే మనుషులమన్న మాట మాకంటే ముందే ఆ వీధికి చేరింది. కొన్నాళ్ళు నా దగ్గర ఎవరూ పసుపు కుంకుమ కూడా తీసుకోలేదు. ఆ ఏడాదంతా గుంత అంచును తాకి అందరినీ తలచుకున్నాను, ఆమెను తప్ప.

మళ్ళీ ఎండలు వచ్చాయి. ఒకరోజు ఆమె కోడలు మా ఇంటికి వచ్చింది. సామి పది రోజులుగా ఏమీ తినడం లేదంది. తొట్టి దాటి బండల మీద వెనక కాళ్ళతో గీరుతూనే ఉన్నాడట. ఒక కాలు అయ్యాక ఒక కాలు, గోళ్ళు అరిగి రక్తం వచ్చేదాకా. అత్త చూసినప్పుడల్లా ముఖం ఇంట్లోకి తిప్పుతుందట, అది మళ్ళీ తిరుగుతుందట. చూడలేక కోడలు ఆమెకు తెలియకుండా సంచిలో పెట్టుకుని పశువుల దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు చేత్తో పట్టుకుని చూసి చెప్పాడట, అది ఆడది. జత లేకున్నా కోడి పెట్టినట్టే ఇదీ గుడ్లు పెడుతుంది, ఇప్పుడు కడుపులో గుడ్లున్నాయి. మెత్తటి మట్టి దొరికితే తవ్వి పెట్టుకుంటుంది. దొరకకపోతే గుడ్లు లోపలే ఉండిపోయి చచ్చిపోతుంది.

"అత్తమ్మకు చెప్పాల్నంటే నాకు భయమైతుంది అక్కా. నువ్వు చెప్తవా?" అంది.

నాకు ముందు అర్థమైంది తాబేలు గురించి కాదు. ఆ తొమ్మిది గుడ్ల గురించి. నది పక్క ఊళ్ళో పుట్టాను. ఇసుకలో ఆడుకునే పిల్లలకు తెలిసిన సంగతి, ఇంట్లో కూర్చుని అక్షరాలు నేర్చుకున్న నాకు తెలియలేదు. ఆ రోజు నేను ఎవరికీ కృతజ్ఞత చెప్పుకోలేదు. ఆ తాబేలును చావనీ అనుకున్నాను. ఏ నోటితో అంటున్నానో తెలిసి కూడా అనుకున్నాను.

సాయంత్రానికి వెళ్ళాను. తాబేలు బండ మీద గీరుతోంది. ఆమె పక్కనే పీట వేసుకుని కూర్చుని, అది తిరిగినప్పుడల్లా తిప్పుతోంది. ఆమె వేళ్ళ కొసలు కూడా అరిగిపోయినట్టు కనిపించాయి. చెప్పాల్సింది చెప్పాను.

"మా సామికి కడుపంటవా?" అంది. "గుడ్లు పాతిపెట్టి దొరికిపోయినవ్. ఇప్పుడు గీ కత పట్టుకొచ్చినవ్. దేవుడు గుడ్లు పెడ్తడా? కండ్లు పోతయ్ నీకు."

"నా మాట నమ్మకు పెద్దమ్మా. దాని కాళ్ళు చూడు."

"బయటికి నడు."

నడిచాను. చెప్పాను కాబట్టి నా పని అయిపోయింది అనుకున్నాను. అయినా రెండు రోజులు నేత సరిగా సాగలేదు. అడ్డపోగు తీసుకుపోయే నాడె విసిరినప్పుడల్లా పోగు తెగింది.

మూడో రోజు మధ్యాహ్నం, ఎండ నడినెత్తిన ఉండగా, ఆమె మా గుమ్మం ముందుకు వచ్చింది. చేతుల్లో సిల్వరు తట్ట, దాని మీద కొంగు కప్పి ఉంది. చెప్పులు లేవు.

"నీ కోసం రాలే నేను," అంది.

ఎవరి కోసం వచ్చిందో నేను అడగలేదు. పక్కకు జరిగాను. ఆమె గుంత దగ్గర కూర్చుని తట్ట వంచింది. తాబేలు మట్టి మీదికి దిగి, మూతి ఆనించి, మూలకు పోయి ఆగింది. ఆమె తలెత్తి మా ఆయనను చూసింది.

"మొగోళ్ళు బయటికి పోవాలె."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. కాన్పు గదికి కట్టినట్టు గుమ్మానికి అడ్డంగా ఒక గుడ్డ కట్టమంది నన్ను. ఇంట్లో దుప్పటి ఉంది, పాత చీరలున్నాయి. నేను పెట్టె తీసి, ఆ రెండు మూరల ముక్క తెచ్చి, ఆమె కళ్ళ ముందే గుమ్మానికి కట్టాను. కావాలనే చేశాను. ఎర్ర అంచు, అడుగున కత్తిరించిన పోగులు వేలాడుతున్నాయి. ఆమె దగ్గరికి వచ్చి ఆ పోగులను వేళ్ళతో పట్టుకుని చూసింది.

"సగం గుమ్మానికే వచ్చింది ఇది."

"నువ్వే గదా పెద్దమ్మా సగంల కోయించింది."

ఆమె గుడ్డ కింద గుమ్మంలో మిగిలిన ఖాళీ చూసింది. పోయి ఆ ఖాళీలో, గడప మీద, గుమ్మానికి అడ్డంగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పైసగం నా చీర, కిందిసగం ఆమె. వీధిలోంచి ఎవరికీ ఏమీ కనిపించకుండా.

దాదాపు మూడు గంటలు పట్టింది. తాబేలు వెనక కాళ్ళతోనే తవ్వింది. ఒక కాలితో గుప్పెడు మట్టి ఎత్తి పక్కన పెట్టడం, ఆగడం, రెండో కాలితో ఎత్తడం. మట్టి గట్టిగా ఉన్నచోట తన ఒంట్లోని నీళ్ళు వదిలి మెత్తన చేసుకుంది. తవ్వుతున్న గొయ్యిని ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు. దాని ముఖం వీధి వైపే ఉంది. పెద్దమ్మ అది చూసింది. చెయ్యి చాచింది, రెండు వేళ్ళు ముందుకు వచ్చాయి. డిప్పకు జానెడు దూరంలో ఆగాయి. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, దాన్ని రెండో చేత్తో పట్టుకుంది.

"కాన్పుల ఉన్నదాన్ని ముట్టొద్దు," అంది, నేనేదో అన్నట్టు.

పదకొండు గుడ్లు. ఒక్కొక్కటి పడ్డప్పుడల్లా వెనక కాలితో సర్దుకుంది. అయిపోయాక మట్టి కప్పి, తన కడుపుతో అదిమి, ఇక అక్కడ ఏమీ లేనట్టు నడిచింది. ఆమె దాన్ని తట్టలోకి ఎత్తుకుని, ముఖం తన కడుపు వైపు తిప్పుకుంది. పురుడు కాబట్టి పదకొండు రోజులు తన ఇంట్లో దీపం పెట్టనంది. అప్పుడైనా ఒక మాట అంటుందని చూశాను. ఆ చూడటం నాకు నచ్చలేదు, కానీ చూశాను.

"గుడ్లు భద్రం. కుక్కలొస్తయ్. నీ ఇంటికి గుమ్మం కూడ సరిగ లేదు," అంది.

నాకు ఆగలేదు. "గుడ్లు పాతిపెట్టేది నేనే గదా పెద్దమ్మా," అన్నాను.

"అప్పుడు తెల్వదు. ఇప్పుడు తెలిసింది. అయితే ఏంది?"

వెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడు ఎండాకాలాలు అలాగే తట్ట పట్టుకుని వచ్చింది. ప్రతిసారీ నేను ఆ ముక్కనే కట్టాను. ప్రతిసారీ ఆమె కిందిసగంలో కూర్చుంది. మా ఇంట్లో మంచినీళ్ళు తాగలేదు. గుంత అంచు చెక్కుకుపోయిందనీ, రేకులు కారతాయనీ, నా కుంకుమ రంగు బాగా లేదనీ చెప్పింది. తన ఇంట్లో ఆ గదికి పోసిన సిమెంటు గురించి ఒక్క మాట లేదు. తాబేలు కోసమైనా పగలగొట్టించుకోవచ్చు కదా అని కోడలు ఒకసారి అంటే, పోసింది పోసిందే అందట. తాను తప్పు చేశానని ఆ నేల మీద రాసిపెట్టే రకం కాదు. ఏడాదికోసారి ఎండలో చెప్పులు లేకుండా రెండు వీధులు నడిచి వచ్చే రకం. మా గురించి వీధిలో పుట్టిన మాటను మాత్రం ఆమె తుడవలేదు. తాబేలు గుడ్లు పెట్టిందని నలుగురితో చెప్పి ఉంటే చాలు. సామి పరువు పోతుందని చెప్పలేదు. ఆయన పరువు కోసం నా పరువు అలాగే ఉంచింది.

పెద్దమ్మ పోయాక, మొన్న ఎండలు మొదలవగానే కోడలు వచ్చింది. తట్ట ఈసారి కోడలి చేతుల్లో ఉంది. అత్తమ్మ మంచం పట్టిన రోజుల్లోనే చెప్పిందట, దీన్ని మగ్గంపిల్లకు ఇచ్చెయ్యి, దానికి గుంతుంది అని. ఇంకేమన్నా చెప్పిందా అని అడిగాను. కోడలు, "మొకం ఇంట్లకు పెట్టుమంది," అంది.

తాబేలును గుంత పక్కన వదిలాం. మా ఆయన చెప్పకుండానే లేచి బయటికి వెళ్ళాడు. పెట్టె తీసి, ఆ ముక్కను గుమ్మానికి కట్టాను. అంచు వెలిసింది, పోగులు ఇంకా వేలాడుతున్నాయి. కింద సగం గుమ్మం ఖాళీగా ఉంది. వీధిలోంచి ఎండ లోపలికి పడుతోంది, ఎవరో నడిచిపోతున్న కాళ్ళు కనిపిస్తున్నాయి. దుప్పటి తెమ్మంటావా అక్కా అని కోడలు అడిగింది.

వద్దన్నాను. కోపం ఏమీ తగ్గలేదు. ఆ కోపంతోనే వెళ్ళి గడప మీద, గుమ్మానికి అడ్డంగా, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. తెగిన పోగులు నా నెత్తికి తగులుతున్నాయి. వెనక మట్టి గీరుతున్న చప్పుడు మొదలైంది.